వెంటనే కుదిరిన బేరం

మదనపల్లె నుంచి కుప్పం పోతూ, ఒక మే నెల మధ్యాహ్నం పుంగనూరు బస్టాండు బయట మామిడిపండ్లకు బేరమాడాను. అంగడివాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. సగం ధరకు అడగందే నాకు తిన్నది అరగదు. పండ్లమ్మే ముసలామె వెంటనే "సరే" అంది. ఇంకా తగ్గించి అడిగాను. మళ్లీ "సరే" అంది. నా తెలివికి నేనే మురిసిపోతూ సంచి తెరిచాను. అప్పుడు చూశాను, అంత ఎండలో ఆమె కొంగు నిండా కప్పుకొని వణుకుతోంది. నుదుటిమీద చుక్క చెమట లేదు.

పక్కన జామకాయలమ్మే ఆమె ఇటు తిరిగింది. "ఎంతకిచ్చిందప్పా?"

చెప్పాను. ఆమె గబుక్కున లేచి, బిందెలో నీళ్లన్నీ ముసలామె నెత్తిన కుమ్మరించింది.

"ఎండదెబ్బప్పా. ఎండాకాలం మేం ఒకరినొకరు బేరమాడి సూసుకుంటాంటాం. ఊరికే సరే అనిందంటే మనిషి ఈడ లేనట్టే. మొన్న ఆ మూల కూసునే ఆమె సరే అంటే మేం నవ్వినాం."

ఆ మూల ఖాళీ గోనెపట్ట ఒక్కటే ఉంది.

ముసలామెను ఆసుపత్రికని ఆటో ఎక్కించాం. జామకాయలామె ఆమె చెవి దగ్గరకు వంగింది. "మునెమ్మక్కా, సగానికిస్తావా?"

తడిగుడ్డతో ముఖం తుడిచి మళ్లీ అడిగింది.

పెదాలు మెల్లగా కదిలాయి. "ఇయ్యను."