ఏరని బుట్ట

సారు పోయారని అమ్మగారు కాకినాడ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను సౌదీలో జిజాన్ చేపల మార్కెట్లో కొలబల్ల ముందు కూర్చుని ఉన్నాను. వైద్యానికని సెలవు మీద వెళ్లిన మనిషి, తిరిగి వస్తారనే అనుకున్నాం. చేతిలో ఉన్న చేప కొలత రాసి, బయటికొచ్చి ఏడ్చాను. పని మధ్యలో వదిలేసి ఏడిస్తే ఆయనే తిట్టేవారు.

సముద్రంలో చేప ఎంత మిగిలిందో, పట్టినంతా మళ్లీ పుడుతోందో లేదో చూసి చెప్పడం మా సారు పని. నేను కడపవాణ్ణి, ఆయన దగ్గర టెక్నీషియన్‌ని. చివరి ఏళ్లన్నీ ఆయనకు ఈ తీరపు హాలిబట్ మీదే గడిచాయి. బల్లపరుపుగా ఉండే ఆ చేపను ఇక్కడివాళ్లు సమక్ మూసా అంటారు, సారు నాలుక చేప అనేవారు. పొడవు కొలిచేవారు, పొట్ట కోసి గుడ్లు చూసేవారు, తలలో ఉండే చిన్న రాయి తీసి దాని మీది వలయాలను బట్టి వయసు చెప్పేవారు. ఇంతా చేసి ఆయన శాకాహారి. సాయంత్రం చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని పెరుగన్నం తినేవారు. కొలత అయిన చేపలన్నీ నా వంటింటికే చేరేవి, ఆయన నియమం వల్ల బాగుపడింది నేనే.

మొదట్లో లెక్కలు బ్రహ్మాండంగా వచ్చాయి. అన్నీ పెద్ద చేపలే. సారుకు అది మింగుడుపడలేదు. ఒకరోజు రేవులో ఓ మూల కూర్చుని చూస్తే సంగతి బయటపడింది. పడవ పెద్దను ఇక్కడ నఖుదా అంటారు. మాకు చేపలిచ్చే ముసలి నఖుదా, వల దించగానే పెద్దవి ఏరి సారు కోసం పక్కన పెడుతున్నాడు. పాపం, అంత దూరం నుంచి వచ్చిన అతిథికి చిన్న చేప ఇస్తే తన పరువేం కావాలి?

సారు నఖుదా పోసిన గహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగి, ఇకనుంచి ఏరకుండా ఒక బుట్ట ఇవ్వమని నెమ్మదిగా అడిగారు. నఖుదా చిన్నబుచ్చుకున్నాడు. దారిలో సారు నాతో అన్నారు: "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. ఆ మెతుకు కూడా ఎవరో ఏరి పెడితే మనకేం తెలుస్తుందయ్యా?"

ఏరని బుట్టలో అన్నీ అరచేయంత పిల్లలే. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకుండానే వలలో పడ్డవి. వారం వారం అదే తంతు. గుడ్లు పెట్టే కాలంలో ఆ వేట ఆపాలని సర్కారుకు రాశారు. ఆ నెలల్లో పడవలవాళ్లు వేరే చేపలు పట్టుకునేందుకు పర్మిట్ కోసం తానే ఆఫీసుల చుట్టూ తిరిగారు. నిషేధమూ పర్మిట్టూ రెండూ వచ్చాయి గానీ నఖుదా గహ్వా ఆగిపోయింది. తన నోటికాడ కూడు తీశాడని నఖుదా అందరితో అన్నాడు. సారు మాత్రం వారం వారం వెళ్లి పలకరించి, జవాబు రాకపోయినా కాసేపు కూర్చుని వచ్చేవారు. నాకు ఒళ్లు మండేది. ఎందుకు సార్ ఈ బతిమాలుడు అంటే నవ్వేవారు.

"రోగి వైద్యుడి మీద అలగొచ్చయ్యా. వైద్యుడే అలిగితే ఎలా?"

ఆ రోజు మార్కెట్ నుంచి నేరుగా రేవుకే వెళ్లాను. నఖుదా ఒడ్డు దగ్గర వేసిన వల తీయిస్తున్నాడు. సంగతి చెప్పాను. వచ్చీరాని హిందీలో, తన మీద కోపంతోనే పోయాడా అని అడిగాడు. లేదన్నాను. సారు అన్న రోగీ వైద్యుడి మాట చెప్పాను. ఆయన తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

వలలో ఒక నాలుక చేప కొట్టుకుంటోంది. అంత పెద్దది చూసి ఎన్నాళ్లయిందో. గుడ్లతో నిండుగా ఉంది. వేట ఆపే కాలం ఇంకా మొదలవలేదు, అమ్ముకున్నా అడిగేవాళ్లు లేరు. నఖుదా దాన్ని రెండు చేతులా ఎత్తుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. "యల్లా," అని, ఇక వెళ్లమన్నట్టు మెల్లగా వదిలాడు.

అది పారిపోలేదు. ఆయన పాదాల పక్కనే అడుగుకు దిగి, రెక్కలు అల్లాడించి ఇసుకను తన మీదికి చిమ్ముకుంది. ఒళ్లంతా కప్పుకుపోయింది. ఇసుకలోంచి రెండు కళ్లు మాత్రం, పక్కపక్కనే, పైకి చూస్తున్నాయి.