డిక్కీలో మిగిలిన చోటు

ఊళ్ళో పాతిక భవనాల లిఫ్టులు అతని చేతిమీదుగా నడుస్తాయి. అందుకని అందరూ అతన్ని లిఫ్టాయన అంటారు. తలుపు ఎంత వెడల్పుంటే చక్రాల కుర్చీ పడుతుందో, లోపల ఎంత చోటుంటే అది వెనక్కి తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా అంగుళాలతో సహా చెబుతాడు. "కుర్చీ పట్టని లిఫ్టు నేను బిగించను" అని బిల్డర్లతో పోట్లాడతాడన్న పేరు కూడా ఉంది. అలాంటివాడి కారు డిక్కీలో సొంత అక్క కుర్చీకి చోటు లేదు.

మొదట్లో ఉండేది. కారు సెకండ్ హ్యాండుదే అయినా డిక్కీ పెద్దది. కొన్న రెండో వారం అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. పెట్రోలు బంకులో గాలి పట్టించుకుంటున్న ఒకాయన తెరిచి ఉన్న డిక్కీలో కుర్చీని, ముందు సీట్లో మనిషిని చూసి, "అయ్యో పాపం, జీవితాంతం నువ్వే మొయ్యాలా బాబూ?" అన్నాడు. అక్క పక్కనే ఉంది, అద్దం దించే ఉంది. ఆయన ఆమెతో ఒక్క మాటా అనలేదు. లిఫ్టాయన ఏదో నవ్వేసి కారు ఎక్కాడు. డిప్లొమాలో రెండుసార్లు తప్పిన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పి గట్టెక్కించిన మనిషి దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూసింది.

సిగ్గుపడాల్సింది ఆ బంకులో నోరు జారినవాడు. కాని ఆ సిగ్గును లిఫ్టాయన భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. నెల తిరక్కముందే కారుకి పాటల మోత పెంచే పెద్ద వూఫర్ స్పీకరు పెట్టించాలన్న కోరిక పుట్టింది.

వూఫర్‌కి చెక్కపెట్టె కావాలి. పెట్టెల మేస్త్రి దుకాణంలో ఒక పద్ధతి ఉంది. డిక్కీలో రోజూ మోసే సామానంతా ముందు సర్దమంటాడు. దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తాడు. మిగిలిన చోటే పెట్టెకి.

"స్టెప్నీ, జాకీ, పనిముట్ల సంచి. ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు ఆ రోజు.

"ఏం లేదు" అన్నాడు లిఫ్టాయన.

పద్నాలుగు అంగుళాల లోతు పెట్టె వచ్చి కూర్చుంది. పాట పెడితే వెనక అద్దం వణికేది. అక్క ఎక్కడికి వెళ్ళాలన్నా "డిక్కీలో పట్టదక్కా, ఏం చేస్తాం" అనేవాడు. ఆమె ఒకటి రెండుసార్లు విని, అడగడం మానేసింది.

పదకొండు నెలల తర్వాత అక్కకు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. గురువారం పొద్దున లిఫ్టాయన బూట్లు వేసుకుంటుంటే పక్కగదిలో ఆమె ఫోను మాటలు వినబడ్డాయి. ఒక్కో అద్దె బండివాడికీ మొదటినుంచీ చెబుతోంది. "మడిస్తే చిన్నదే అవుతుందండీ. లేదండీ, నన్ను ఎత్తక్కర్లేదు, నేనే ఎక్కుతాను. కుర్చీకి విడిగా ఇస్తాను." ముగ్గురు కాదన్నారు. నాలుగో నంబరు నొక్కుతోంది. కారు తాళం లిఫ్టాయన జేబులో ఉంది.

ఆ మధ్యాహ్నమే మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు.

"పెట్టె కాస్త తగ్గించాలి."

"ఎంత?"

"ఏడెనిమిది అంగుళాలు."

"అది తగ్గించడం కాదు నాయనా, గుండు కొట్టించడం. ఏం పట్టట్లేదు?"

"పనిముట్ల పెట్టె. కొత్తది కొన్నాను."

"అయితే దాన్నే పట్రా. నోటి కొలతలకి నేను రంపం ఎత్తను."

కుర్చీని తేవాలంటే అక్కకు చెప్పాలి. చెప్పాలంటే నోరు రాలేదు. మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్ళింది. లోపల స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తుంది కనుక కుర్చీ తలుపు బయటే ఉంటుంది. అతను టేపు తీసి, చప్పుడు కాకుండా కుర్చీ మడిచి, పక్కన చతికిలబడ్డాడు.

"ఇరవై ఎనిమిది" అంది లోపల్నుంచి అక్క.

అతని చెయ్యి ఆగిపోయింది.

"పాదాల పలకలు తీసేస్తే ఇరవై ఎనిమిది. నువ్వు పెట్టె బిగించిన సాయంత్రమే కొలిచాన్రా. డిక్కీలో ఇరవై రెండు మిగిలాయి." నీళ్ళ చప్పుడు ఆగింది. "తెలీక చేశాడేమో అనుకుందామని చూశాను. కాని నువ్వు కొలవకుండా గోడకి మేకు కూడా కొట్టవు కదా."

లిఫ్టాయన మడిచిన కుర్చీని మళ్ళీ విప్పి తలుపు దగ్గర పెట్టాడు. తలుపు మూసి ఉండి తన ముఖం ఆమెకు కనబడనందుకు ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు మళ్ళీ ఒళ్ళు చచ్చిపోయింది.

"టవలు అందివ్వు" అంది ఆమె. "పెట్టె కోయించడానికేగా కొలుస్తున్నావ్? నేనూ వస్తాను మేస్త్రి దగ్గరికి. నా కుర్చీ ఒక్కటే తిరగదుగా."

తీరా చూస్తే పెట్టెను పట్టి ఉంచినవి నాలుగు బోల్టులు. విప్పి వెనక సీట్లో పడెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈ పని ఏ రోజైనా చెయ్యొచ్చు. అక్క అంతా చూస్తూనే ఉంది. తిట్టి ఉంటే బాగుండును అనిపించింది అతనికి.

దుకాణంలో మేస్త్రి రంపం ఆపి, కారు దిగి కుర్చీలోకి జరుగుతున్న ఆమెను చూశాడు. తర్వాత లిఫ్టాయన్ని చూశాడు.

"పనిముట్ల పెట్టె అన్నావ్?"

తప్పించుకోవడానికి మాటలు లేకపోలేదు. మతిమరుపు ఉంది, పని ఒత్తిడి ఉంది. అక్క నేల మీది రంపపు పొట్టు వంక చూస్తోంది.

"అబద్ధం చెప్పాను మేస్త్రీ. ఆ రోజూ అబద్ధమే. కుర్చీ ఉందని నాకు తెలుసు. నలుగురిలో దాన్ని దించుతుంటే జనం చూస్తారని..." వెనక సీట్లో పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "పాటలమీద మోజు కాదు. అడ్డం పెట్టుకోవడానికి పెట్టె చేయించాను."

మేస్త్రి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. సుద్దముక్క అతని చేతిలో పెట్టి, "గీత నువ్వే గియ్యి" అన్నాడు.

కుర్చీని డిక్కీలో పడుకోబెట్టి లిఫ్టాయన దాని చుట్టూ గీత గీశాడు. గీత వంకర పోతే తుడిచి మళ్ళీ గీశాడు. "కుర్చీ మీద వేసుకునే నా మెత్త, పుస్తకాల సంచి?" అంది అక్క. వాటినీ పెట్టి గీశాడు. మేస్త్రి పెట్టెను ఏడు అంగుళాల లోతుకి కోశాడు. వూఫర్ అయస్కాంతానికీ వెనక పలకకీ మధ్య వేలెడు సందు మిగిలింది. లోపల గాలి సగానికి పడిపోయింది కనుక దిండ్లలో వేసే దూది కూరాడు.

"దూది ఉంటే పెట్టె పెద్దదని వూఫర్ మోసపోతుంది" అన్నాడు. "అయినా మునుపటి దమ్ము రాదు. ముందే చెబుతున్నా."

"రాకపోతే పీడాపోయింది" అన్నాడు లిఫ్టాయన.

"అదేం పాపం చేసింది?" అంది అక్క. "పాటలు నేనూ వింటాగా."

సోమవారం బడి గేటు ముందు కారు ఆపి కుర్చీ దించాడు. పిల్లలు, పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. లిఫ్టాయన చెవులు వేడెక్కాయి. కాపలాదారు పరుగున వచ్చి గేటు తెరిచాడు.

"తమ్ముడా అమ్మా? ఈ కాలంలో ఇలా చూసుకునేవాళ్ళు ఎక్కడున్నారు. బంగారం."

"అలా అనకండి" అన్నాడు లిఫ్టాయన. "కారు కొని ఏడాది దాటింది. ఈమె ఎక్కడికెళ్ళినా అద్దె బండ్లలోనే తిరిగింది."

కాపలాదారు గేటు గొళ్ళెం సర్దాడు. అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని చక్రాల మీద చేతులు వేసింది.

"సాయంత్రం ఎన్నింటికి రమ్మంటావక్కా?"

"నాలుగింటికి. కుదరని రోజు ఉంటే పొద్దున్నే చెప్పెయ్, ఇబ్బంది లేదు."

కోపంగా అనలేదు. అద్దె బండివాళ్ళతో మాట్లాడేటప్పటి మర్యాదతోనే అంది. అని, కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.