చీనీ జాడీ

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నా తోటికోడలు నవ్వను కూడా నవ్వదు. ఫరీదాబాద్‌లో తన ఇంట్లో తాను కూచుని ఉంటుంది. శనివారం వచ్చేసరికి, ఆర్.కె. పురం క్వార్టర్‌లో నా దగ్గరుండే నా కూతురు మెట్రో ఎక్కి ఆమె దగ్గరికి పోయేది. ఏ ఇంట్లోనైనా ఆడపిల్లలు సెలవు రోజున పొద్దెక్కేదాకా నిద్రపోతారు. ఇది మాత్రం తలస్నానం చేసి మరీ తయారయ్యేది.

"ఏముందే ఆ ఇంట్లో?" అని అడిగితే, "మమ్మీ, తుమ్ నహీ సమ్‌ఝోగీ" అనేది. నా కడుపున పుట్టింది నాకే అర్థం కాదని చెప్తోంది! పొరుగింటి పుల్లకూర రుచి అని సర్దుకుందామంటే, అది పొరుగిల్లు కూడా కాదు.

ఆ ఇంట్లో ఏముందో నాకు తెలియక కాదు. పాత సామాన్లున్నాయి. మా మరిది ఫ్యాక్టరీ ఉద్యోగంలో తలమునకలై ఉంటే, ఈమె పాత బజార్లన్నీ తిరిగి పోగేసింది. గోడ నిండా నీలం బొమ్మల పింగాణీ పళ్ళాలు. వాటి మీద వంతెన, నీళ్ళ మీదికి వాలిన చెట్టు, రెండు పిట్టలు. మూలన నల్లగా నిగనిగలాడే లక్క బీరువా, దాని తలుపుల మీద బంగారు రంగులో అంతస్తుల గుడి, గొడుగు కింద కూచుని గాలం వేసే మనిషి. ఒకసారి భోజనానికి పిలిచినప్పుడు, "చైనా సామాన్లా ఇవి?" అని మాటవరసకు అడిగాను.

జవాబు ఆమె చెప్పలేదు, నా కూతురు చెప్పింది. చైనావి కావట. ఎప్పుడో చైనా ముఖం చూడని దొరలు, చైనా ఇలా ఉంటుంది కాబోలనుకుని సొంతంగా ఊహించి వేసుకున్న బొమ్మలట. ఆ పద్ధతికి ఫ్రెంచివాళ్ళ పేరొకటుందట, షిన్వాజరీ. అంతా చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు పిన్ని వైపు చూసింది. పిన్ని తల ఊపింది. నా పిల్ల ఎప్పుడైనా నా వైపు అలా చూసిందా అని వెతుక్కుంటూ, పప్పులో నెయ్యి వేసుకోవడం మరిచిపోయాను.

"అక్కా, నెయ్యి" అని గిన్నె నా ముందుకు జరిపింది నా తోటికోడలు. మంచిది మహాతల్లి. చెడ్డదై ఉంటే నా పని ఎంత సులువుగా ఉండేదో! నలుగురిలో తిట్టుకుని, కడుపు చల్లబరుచుకుని ఉండేదాన్ని.

ఈ మధ్య పిల్ల ఆఫీసుకు దగ్గరగా ఉంటుందని గుడ్‌గావ్‌లో ఫ్లాట్ తీసుకుంది, తోడుగా ఒక లక్నో అమ్మాయి. చేరిన రోజే ఫోన్ చేసింది. "మమ్మీ, పిన్ని ప్లేట్ ఇచ్చింది, ఆ బ్రిడ్జ్ ఉన్నది. హాల్లో పెట్టేశా!" నేనిచ్చిన కుక్కరు ఊసు ఎత్తనే లేదు. ఓహో, కొత్తింట్లో కూడా ఆమే ముందు అడుగుపెట్టిందన్నమాట. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పళ్ళెం పక్కన నా వస్తువు ఒకటి ఉండి తీరాలి, దానికంటే పెద్దది ఉండాలి అనుకున్నాను.

మర్నాడే పాత సామాన్ల అంగడికి పోయాను. ఆ పేరు నా నోట్లో తిరిగితే కదా! "భయ్యా, షిన్వా... చీనీ వాజరీ హై?" అన్నాను. "చీనీ? వో తో సామ్నే కిరానే మే మిలేగీ, ఆంటీజీ" అని ఎదురుగా ఉన్న పచారీ కొట్టు చూపించాడు. వీళ్ళకు చీనీ అంటే చక్కెర కదా. సిగ్గుపడితే పని కాదని, వంతెననూ గొడుగునూ గాలం వేసేవాడినీ గాల్లో వేళ్ళతో గీసి చూపించాను. "అచ్ఛా, చీనీ జార్! అంగ్రేజోం కే జమానే కా!" అని లోపలి నుంచి దొరల కాలం నాటి మూత ఉన్న జాడీ ఒకటి తెచ్చాడు. బిందెలా బొద్దుగా ఉంది. తెలుపు మీద నీలం. గాలం వేస్తున్న చైనావాడికి దొరల మీసం ఉంది. మీసం చూడగానే ఇది అసలు సరుకని తెలిసిపోయింది. ఆమె ఇంట్లో తిన్న తిండి నాకూ కొంత వంటబట్టింది మరి.

ఆ సంబరంలో అనంతపురం ఫోన్ చేసి, చీనీ జాడీ కొన్నానని మా అమ్మకు చెప్పాను. "చీనీకాయలు జాడీలో ఎట్ల పడ్తాయే? బుట్టలో పెట్టుకోకూడదా?" అంది. మా సీమలో చీనీ అంటే బత్తాయి. సరే, ఆమెకు వివరించే ఓపిక నాకు లేకపోయింది.

మా ఆయన ఆఫీసు పని మీద గుడ్‌గావ్ పోతుంటే జాడీ ఆయన చేతికిచ్చి, పిల్లకు ఫోన్‌లో చెప్పాను. "నాయన చేత చీనీ జాడీ పంపిస్తాండా. బాగా కనపడేతట్ల పెట్టు." "ఠీక్ హై మమ్మీ" అంది.

ఆదివారం ఇల్లు చూడటానికి పోయాను. నాకంటే ముందే వచ్చి సోఫాలో కూచునుంది నా తోటికోడలు! గోడ మీద ఆమె పళ్ళెం, దాని పైన చిన్న లైటు కూడా. లక్నో అమ్మాయి ఆ పళ్ళేన్ని తెగ పొగుడుతోంది. నా జాడీ మాత్రం ఎక్కడా కనపడలేదు. పుస్తకాల అర వెతికాను, తలుపు సందు చూశాను, బాల్కనీలో మొక్కల మధ్య కూడా చూశాను.

"నా జాడీ యాడుందే?"

"కిచెన్‌లో, మమ్మీ."

పోయి చూస్తే, పొయ్యి పక్కన, మూత తీసి, నిండా చక్కెర! అందులో ఒక స్టీలు చెంచా.

"ఇదేందే! దొరల కాలం దాంట్లో చక్కెర పోస్తివా?"

"నువ్వే కదా చెప్పావ్, చీనీ జాడీ అని! అందుకే చీనీ వేశా."

ఈలోగా నా తోటికోడలు వెనకే వచ్చి, వంగి జాడీని అటూ ఇటూ చూసింది. "అక్కా, ఎక్కడ దొరికింది ఇది? ఇట్లాంటిది నా దగ్గర కూడా లేదు" అంది. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూసేదే. నా ప్రాణం లేచొచ్చింది! పళ్ళెం గోడకే వేలాడుతుంది, దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు. నా జాడీలో నా బిడ్డ చెయ్యి పూటపూటా పడుతుంది. చక్కెరైతే ఏం, చాలా బాగుంది.

పిల్ల టీ పెట్టింది. మూడు కప్పుల్లో పోసింది. నా జాడీలోంచి అర చెంచా తీసి పిన్ని కప్పులో వేసి కలిపి ఇచ్చింది, అడగలేదు. తర్వాత చెంచా పట్టుకుని నా వైపు తిరిగింది.

"మమ్మీ, నీకు ఎంత?"

మా ఇంట్లో దాన్ని నేను పొయ్యి దగ్గరికి రానిచ్చిందే లేదు. టీ నేనే కలిపి చేతికందించేదాన్ని. ఫరీదాబాద్‌లో శనివారాలు టీ ఎవరు కలిపారో అప్పుడు తెలిసింది. ఎక్కడ పొడవాలో అక్కడే పొడిచినట్టయింది.

"రెండు" అన్నాను. నేను వేసుకునేది ఒకటే. ఆ చెయ్యి నా జాడీలోకి ఇంకొకసారి పోవాలి, అదీ ఆమె చూస్తుండగా.