బాగుపడ్డానని చెప్పాక మళ్ళీ వచ్చిన చీకటి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు దేవదానం, నంద్యాలలో టైలరును. ఈ పందిట్లో కూర్చున్న మగవాళ్ళలో చాలామంది నడుము కొలతలు నాకు తెలుసు, నవ్వకండి, నిజమే చెప్తున్నాను! కానీ నా లోపల ఏం జరిగిందో మీకు తెలియదు, అది చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

బెల్‌బాటం ప్యాంట్లు జోరుగా నడిచే కాలం అది, కాలేజీ పిల్లలు గుడ్డ చంకన పెట్టుకుని నా అంగడి ముందు నిలబడేవాళ్ళు, నాకు రెండు మిషన్లు, బంగారంలాంటి భార్య కరుణమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, దేవుడు నాకు ఏ లోటూ చెయ్యలేదు. తాగుడు లేదు, అప్పు లేదు, ఒంట్లో రోగం లేదు. ఇక్కడికి వచ్చి సాక్ష్యం చెప్పేవాళ్ళందరికీ చెప్పుకోవడానికి ఒక కారణమన్నా ఉంటుంది, నాకు అదీ లేకపోయింది సహోదరులారా! ఒక వానాకాలం పొద్దున నిద్ర లేచాను, లేచిన మనిషిని లేచినట్టే మంచం మీద కూర్చుండిపోయాను, చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి కూడా మనసు రాలేదు. అట్లా మొదలైంది.

టేపు మెడలో వేసుకుని అంగట్లో కూర్చునేవాణ్ణి, గుడ్డ మీద గీత గీయాలంటే చెయ్యి వచ్చేది కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి తిన్నట్టుండేది. ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే నోరు కదిలేది, లోపల మాత్రం ఏమీ లేదు, ఖాళీ! నా బిడ్డలు నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేది. రాను రాను ఒక మాట నా మనసులో తిష్ట వేసింది, నేను లేకపోతేనే వీళ్ళకు మేలు అనే మాట. అది పచ్చి అబద్ధమని ఇప్పుడు తెలుసు, కానీ ఆ రోజుల్లో లోకంలో అదొక్కటే నిజమనిపించింది.

తెలిసినవాళ్ళు అంగడికొచ్చి, ఏం తక్కువైందప్పా నీకి, తిండికా గుడ్డకా అని అడిగేవాళ్ళు. ఏం తక్కువైందో నాకు తెలిస్తే కదా చెప్పేది! ఎవరో చేతబడి చేశారన్నారు కొందరు, పని ఎక్కువై వేడి చేసిందన్నారు కొందరు, మజ్జిగ తాగమన్నారు. కుండలు కుండలు మజ్జిగ తాగాను, చీకటి మాత్రం పోలేదు.

అప్పుడు మా అయ్యగారు, మా సంఘం పాస్టరుగారు, నన్ను ఇదే ఆళ్లగడ్డకు, ఇట్లాంటి ఉజ్జీవ కూటాలకే పిలుచుకొచ్చారు. చివరి రోజు ప్రార్థనలో నేను మోకాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాను, ఎన్నో నెలల తర్వాత నా గుండె మీది బరువు దిగింది, ఆకాశం నీలంగా కనపడింది! దేవుడు ఆ రోజు నన్ను ముట్టింది నిజం, ఎవరేమన్నా నేను కాదనను. ఆ సంతోషంలో స్టేజీ ఎక్కి, నాకు పూర్తి విడుదల వచ్చింది, ఆ చీకటి ఇంక జన్మలో నా జోలికి రాదు అని గట్టిగా చెప్పాను. కంజీరలు మోగాయి, జనమంతా హల్లెలూయ అన్నారు, ముసలివాళ్ళు వచ్చి నా తల నిమిరారు.

అక్కడినుంచి ఇంక నేను పెద్ద సాక్షినైపోయాను! శిరివెళ్లలో కూటమంటే దేవదానాన్ని పిలువు, పగిడ్యాలలో కూటమంటే దేవదానాన్ని పిలువు, అంగడికి తాళం వేసి బస్సెక్కి పోయేవాణ్ణి. నేను చెప్తుంటే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నాక్కూడా బాగుండేది, ఎందుకు బాగుండదు?

చలికాలం వచ్చింది, దాంతోపాటు చీకటి కూడా వచ్చింది. ఈసారి రెండింతలు వచ్చింది! మొదటిసారి వచ్చినప్పుడు నాకు బాగలేదని చెప్పుకునే హక్కన్నా ఉండేది, ఈసారి అది కూడా పోయింది, ఎందుకంటే బాగుపడ్డానని నేనే ఊరూరా చెప్పాను కదా. విడుదల పొందినవాడికి మళ్ళీ ఎట్లా వస్తుంది? వచ్చిందంటే దేవుడన్నా అబద్ధమాడి ఉండాలి, నేనన్నా అబద్ధమాడి ఉండాలి, దేవుడు అబద్ధమాడడు, కాబట్టి నేనే దొంగసాక్షిని అనుకున్నాను. ఆ లెక్కలో నేను నన్నే కత్తిరించుకుంటూ పోయాను సహోదరులారా. కూటాలకు పిలిస్తే పోతూనే ఉన్నాను, అవే మాటలు చెప్తూనే ఉన్నాను, నా మాటలు విని ఎవరో ఆదరణ పొందేవాళ్ళు, నేను మాత్రం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. కరుణమ్మ కనిపెట్టింది. ఏందయ్యా, ఏమైతాంది నీకి, నాకన్నా సెప్పగూడదా అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఏం లేదు అన్నాను. ఆ రెండు మాటలంత ప్రమాదమైన మాటలు నా జీవితంలో నేను ఇంకేవీ మాట్లాడలేదు.

చివరికి ఒక ఆదివారం, ఇంక ఈ బతుకు వద్దని మనసులో నిర్ణయం చేసుకుని, అందరినీ చివరిసారి చూసుకుందామని మా చర్చికి పోయాను. ఆ రోజు వేరే ఊరినుంచి అతిథులు వచ్చారు. అయ్యగారు ఎంతో సంతోషంగా, మన దేవదానం వచ్చి దేవుడు చేసిన మేలు చెప్తాడు అని నన్ను ముందుకు పిలిచారు. నేను లేచి నిలబడ్డాను. అప్పుడు లోపల్లోపల ఒకే ఒక ప్రార్థన చేశాను. ప్రభువా, ఆ పాత మాట ఇంకొకసారి నా నోట పలికించొద్దు, నిజం చెప్పే బలం ఇయ్యి, తర్వాత ఏమైనా కానీ అన్నాను.

నోరు తెరిచాను. నాకి బాగలేదు, ఆ చీకటి మళ్ళీ వచ్చింది, నాకి బతకాలని లేదు అన్నాను.

అతిథులు తల దించుకున్నారు. ఇంక నన్ను బయటికి పంపిస్తారని నిలబడ్డాను. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి సంతోషమ్మవ్వ లేచింది. మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ, కొంగు తల మీదినుంచి ఏనాడూ జారనీయని మనిషి. మన చర్చిల్లో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటాం కదా, మధ్యలో ఉన్న దారిని దాటి ఆడమనిషి ఇటువైపు రావడం నేను అంతవరకు చూడలేదు. ఆమె దాటింది! దాటి వచ్చి మగవాళ్ళ చాప మీద, నా కాళ్ళ దగ్గర కూర్చుని, నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూచ్చో నాయనా, ముందు కూచ్చో. నా పెద్దోడు పుట్టినప్పుడు నాకీ ఇట్లనే అయ్యింది. బిడ్డను సూస్తే ఏడుపు, బువ్వను సూస్తే ఏడుపు. సిగ్గుపడి ఎవురికీ సెప్పుకోకపోతి. నువ్వు సెప్తివి, మంచి పని చేస్తివి."

అయ్యగారు కూడా పీఠం దిగి వచ్చి నా పక్కనే కూర్చున్నారు, ఆయన కళ్ళలో నీళ్ళు. "దేవదానం, నీ సాక్ష్యాన్ని ఊరూరా తిప్పితిమి గానీ, నువ్వు ఎట్లుండావని ఒకనాడూ అడగకపోతిమి" అన్నారు. ఆ రోజు ప్రసంగం లేదు. ఆయన చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తుంది. తండ్రీ, ఈయన బాగుపడ్డాడని మేము తొందరపడి చెప్పం, ఈ ఒక్క పూట ఈయన్ని మాకు నిలబెట్టు, రేపటి సంగతి రేపు వచ్చి అడుగుతాం అన్నారు. ఆ పూట దేవుడు నన్ను నిలబెట్టాడు! స్తోత్రం!

మరుసటి రోజునుంచి నన్ను ఒంటరిగా వదల్లేదు సహోదరులారా. ఎవరో ఒకరు అంగడికొచ్చి కూర్చునేవాళ్ళు. ప్రసంగాలు చెయ్యలేదు, ఊరకే కూర్చుని గుండీలు కుట్టేవాళ్ళు. సంతోషమ్మవ్వ కాజాలు చక్కగా తీసేది, ఇంక మా సంఘంలో డ్రిల్లు మాస్టారుగారు కుడితే మాత్రం గుండీ ఒక దిక్కు, కాజా ఒక దిక్కు! ఆయన ఇంటికి పోయినాక కరుణమ్మ అవన్నీ ఊడదీసి మళ్ళీ కుట్టేది, ఆయనకు ఈ రోజు వరకు తెలియదు, ఇక్కడే కూర్చున్నారు, క్షమించండి మాస్టారూ.

అయ్యగారు మమ్మల్ని కర్నూలుకు పిలుచుకుపోయి మనసు జబ్బులు చూసే డాక్టరుకు చూపించారు. ఇది జబ్బు, నీ తప్పు కాదు, మందులకు లొంగుతుంది అన్నాడు డాక్టరు. ఆ మాటకే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. మాత్రలు మింగుతున్నానని తెలిసి ఒక సంఘపెద్దకు కోపం వచ్చింది, విశ్వాసికి మాత్రలెందుకు అన్నాడు. సంతోషమ్మవ్వ ఊరుకుంటుందా? "కళ్ళద్దాలు పెట్టుకోని వాక్యం సదువుతాండావు గదప్పా, తీసేసి సదువు సూద్దాం" అంది. ఆయన తర్వాత మా ఇంటికొచ్చి, నా మాత్రలు చేతిలో పట్టుకుని, దేవా వీటిని దీవించు అని ప్రార్థన చేసి పోయాడు.

ఒక్క రోజులో ఏదీ కాలేదు. వారాలు పట్టింది, నెలలు పట్టింది. ఒక పొద్దున అంగడి తీస్తుంటే పక్క హోటల్లోనుంచి ఉగ్గాని బజ్జీ వాసన వచ్చింది, నాకు ఆకలైంది! మీకు ఇది చిన్న సంగతి, నాకు ఎంత పెద్ద సంగతో ఎట్లా చెప్పేది! కరుణమ్మా, నాకి ఆకలైతాంది అని కేక పెట్టాను. ఆమె ఏడుస్తూ నవ్వుతూ పోయి పొట్లం కట్టించుకొచ్చింది, ఇద్దరం అంగడి మెట్ల మీదనే కూర్చుని తిన్నాం. ఆ సంవత్సరం క్రిస్మసుకు మా సంఘంలో పిల్లల గౌన్లు, చొక్కాలు అన్నీ నా కత్తెరే కత్తిరించింది, పాట పాడుతూ కత్తిరించాను, ఈసారి పాట లోపలినుంచి వచ్చింది!

ఇంక అది మళ్ళీ రాలేదా అని మీరు అడుగుతారు. వచ్చింది. అబద్ధం చెప్పను, పోయిన వానాకాలంలో కూడా వచ్చింది. పొద్దున కళ్ళు తెరవగానే గుర్తుపట్టాను, కాఫీ తాగకముందే కరుణమ్మకు చెప్పాను, ఆమె అయ్యగారికి చెప్పింది, మధ్యాహ్నానికి అంగడి నిండా మనుషులు, డాక్టరు మందు మార్చాడు, సంఘం ప్రార్థన చేసింది. అది వచ్చింది గానీ, నేను దానికి ఒంటరిగా దొరకలేదు! వచ్చిన చీకటి ఉత్త చేతులు ఊపుకుంటూ పోయింది! ఇదే నా విడుదల, ఇదే నాకు దేవుడిచ్చిన జయం!

సహోదరులారా, సహోదరీలారా, ఇక్కడ కూర్చుని పాటలు పాడుతూ, చప్పట్లు కొడుతూ, లోపల ఇంక చాలనుకుంటున్న బిడ్డ ఎవరన్నా ఉంటే నీతోనే చెప్తున్నాను. బాగుపడినాక సాక్ష్యం చెప్దామని ఆగొద్దు. ఇప్పుడే చెప్పు, బాగలేదని చెప్పు, ఇంటికి పోయినాక కాదు, ఈ కూటం ముగిసేలోపల, భోజనాల పంక్తి లేచేలోపల చెప్పు. నీ దేవుడు నీ కన్నీళ్ళకు కోపగించుకునేవాడు కాదు, నమ్ము. నువ్వు ఆ మాట చెప్పితే వినడానికి ఆయన ఈ పొద్దే నీ పక్కన ఒక మనిషిని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయనకే మహిమ కలుగును గాక, ఆమేన్.