ఊరుబిండి లేని నెలలు

ఉద్యోగ విరమణ తరువాత రెండో వేసవిలో నాకు దేని మీదా ఆశ లేకుండా పోయింది. కళ్యాణదుర్గంలో మా ఇంటి వసారాలో పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే కుర్చీ. చదువుకునే రోజుల నుంచి రాస్తూ వచ్చిన డైరీ కూడా ఆగిపోయింది. నా భార్యే నన్ను బస్సెక్కించి అనంతపురంలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది.

మొదటి మందుకు నిద్ర పట్టింది గాని నోరు ఎండిపోయింది. నాలుక అంగిటికి అతుక్కునేది. పెన్ను పడితే అక్షరాలు వణికేవి. మందు మార్చారు. రెండోదానికి పొద్దున లేస్తూనే కడుపులో తిప్పేది, రాత్రికి నిద్ర ఉండేది కాదు.

ఆ నెలలన్నీ నేను కోరుకున్నది ఒక్కటే, మళ్లీ ఏదైనా తినాలనిపించడం. ముఖ్యంగా ఊరుబిండి. వేయించిన శెనక్కాయ విత్తనాలు, ఎండుమిర్చి, చింతపండు వేసి నా భార్య రోట్లో నూరేది. సంగటి ముద్దలో గుంట చేసి అది పెట్టుకుని తినేవాణ్ణి. ఇది ఆకలి కాదు, ఆకలే లేదు. ఆ వాసనకు కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పోయే మనిషి ఒకడు నాలో ఉండేవాడు. అతని కోసం బెంగ.

ఇంట్లో రోలు చప్పుడే లేదు. మందు మొదలైన రోజే ఆమె పులుపు, కారం, వంకాయ, శెనక్కాయ అన్నీ ఆపేసింది. నాటు మందు తినేటప్పుడు మా వైపు పద్ధతి అదే కనుక నేనూ ఎందుకని అడగలేదు.

"ఇంక మాత్రలొద్దు. ఈ చప్పిడి బతుకు ఎన్నాళ్లు?" అన్నాను ఒకరోజు.

"డాక్టరు నిలపమంటే నిలుపుదువులే. నీ అంతకు నువ్వు నిలిపితే నేనూరుకోను," అంది.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు, ఏం తింటున్నానని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు.

"ఏమ్మా, పథ్యమని నేనెప్పుడు చెప్పినా?"

"మందంటే పథ్యం ఉండదా సార్? అది కూడా చెప్పల్లా?"

"నీ పథ్యం వింటాంటే నాకే నోరు చప్పగైతాంది. అన్నీ పెట్టమ్మా. నువ్వేం తింటాండావు?"

"ఆయన ముందర కూసోని నేనెట్ల తినేది సార్?" అంది. ఆమె కూడా అన్నాళ్లూ చప్పిడే తిన్నదని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు మూడో మందు రాశాడు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతామనీ, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందనీ, చెప్పకుండా ఆపొద్దనీ అన్నాడు.

ఆ సాయంత్రమే రోలు కడిగి ఊరుబిండి నూరింది. నాకు మట్టి నమిలినట్టుంది. ఆమె నా ముఖం చూసి, "ఉండనీలే, మళ్లీ నూరుతా," అంది. నూరుతూనే ఉంది. కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం తింటూ తింటూ, "ఉప్పెక్కువేసినావు," అన్నాను.

ఆమె గరిటె కింద పెట్టేసింది. "ఇంగొకసారి అను," అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను. డైరీ మళ్లీ రాస్తున్నాను. ఊరుబిండి ఇప్పుడు కోడలు చేస్తుంది, బాగానే చేస్తుంది. ఉప్పు సరిగ్గా ఉంటుంది. ఎక్కువైందని చెప్పుకోవడానికి ఆమె లేదు.