నవ్వండి చూద్దాం

రేపల్లెలో ఉండే మా పిన్ని చనిపోయింది. ప్రభువు పిలుచుకున్నాడని పాస్టరుగారు అన్నారు. పిలిచాడేమో నాకు తెలియదు. ఆమెను పోనిచ్చింది మాత్రం మనుషులే. సమాధి దగ్గర ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పిన్ని బాపట్లలో టీచరుగా చేసి రిటైరైంది. తెనాలిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా స్టీలు డబ్బాలో రొయ్యల పచ్చడి తెచ్చేది. "కారం ఎక్కువైందే, ఏం అనకుండా తినండి" అని ముందే గద్దించేది. ఆ గద్దింపు లేకపోతే పచ్చడికి రుచి ఉండేది కాదు.

కొన్నేళ్ళ కిందట టిఫిన్ తింటుండగా బాబాయికి పక్షవాతం వచ్చి మూతి పక్కకు పోయింది. పిన్ని చెయ్యి కూడా కడుక్కోకుండా కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్ళింది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను వేళకు పడింది కాబట్టి ఆయన ఈరోజు తన కాళ్ళమీద తిరుగుతున్నాడు. అప్పటినుంచి రోజూ కాఫీ ఇచ్చేముందు "ఏవండీ, నవ్వండి చూద్దాం" అనేది. మూతి తిన్నగా ఉందని చూసుకున్నాకే గ్లాసు చేతికిచ్చేది.

"ఈ ఇంట్లో నవ్వడానికేముందే?" అని బాబాయి విసుక్కునేవాడు.

"ఏం లేకపోయినా నవ్వండి, కాఫీ చల్లారిపోతోంది."

చర్చిలో స్త్రీల సమాజానికీ అదే నేర్పింది. "మూతి వంకరపోతే ముందు ఆటో, తర్వాత ప్రార్థన" అనేది.

పోయేముందు వచ్చిన శుక్రవారం, చర్చిలో ఉపవాస ప్రార్థనలో పాట మధ్యలో పిన్నికి వెక్కిళ్ళు పట్టుకున్నాయట. తల పగిలిపోతోందంది, నేల ఊగుతోందంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె నేర్పినట్టే అడిగారు.

"టీచరుగారూ, ఒక్కసారి నవ్వండమ్మా."

నవ్వింది. తిన్నగానే నవ్వింది. "స్తోత్రం, ఏం లేదండి, ఉపవాసం నీరసం" అని గ్లూకోజు నీళ్ళు తాగించి చాపమీద పడుకోబెట్టారు. వాళ్ళనేమనను? తెలిసిన ఒక్క గుర్తూ చూశారు.

నాకు కోపం తెనాలి డాక్టరు మీద. మధ్యాహ్నం బాబాయి ఆమెను అక్కడికి తీసుకొస్తే నేనూ వెళ్ళాను. సరిగ్గా చెయ్యి పట్టి చూడనైనా లేదు.

"గ్యాసండి. ఈ వయసు ఆడవాళ్ళకు టెన్షను మామూలే. నిద్రపోతే సర్దుకుంటుంది."

"మా బాబాయికి ఇంతకుముందు పక్షవాతం వచ్చిందండి, అందుకే భయం" అన్నాను.

"ఆయనకు కదమ్మా వచ్చింది" అని నవ్వాడు.

మర్నాడు పిన్ని నీళ్ళు కూడా మింగలేకపోయింది. గుంటూరులో స్కాను తీశాక పెద్ద డాక్టరు ఇంజెక్షను వేళ దాటిపోయిందన్నారు. మూతి వంకరపోకుండా కూడా పక్షవాతం వస్తుందట. ఆడవాళ్ళలో తలనొప్పి, తికమక, వెక్కిళ్ళలాంటివే ముందు కనిపించి మోసం చేసేది ఎక్కువట.

"కాన్పప్పుడు బీపీ వచ్చిందా?" అని ఆయన అడిగారు.

వచ్చింది. పిన్ని కొడుకు, మా తమ్ముడు పుట్టినప్పుడు ఫిట్స్ కూడా వచ్చాయి. చెప్పాను.

"అది వచ్చినవాళ్ళకు తర్వాత ఈ ప్రమాదం ఎక్కువమ్మా. ముందే చెప్పాల్సింది."

"ఎవరడిగారండి?" అన్నాను.

బాబాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన ప్రతిసారీ డాక్టర్లు సిగరెట్టు, మందు, షుగరు, అన్నీ అడిగారు. ఆయన పక్కనే కూర్చుని జవాబులు చెప్పిన పిన్నిని ఇన్నేళ్ళలో ఒక్కరూ ఒక్కమాట అడగలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న పొద్దున రేపల్లెలో నేను కాఫీ పెట్టి తెస్తే బాబాయి గ్లాసు అందుకోలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా, నా ఎదురుగా నిలబడి పళ్ళు కనిపించేలా నవ్వాడు. తిన్నగానే ఉందని నేను చెప్పేదాకా అలాగే నవ్వుతూ నిలబడ్డాడు.