నేను అసలుదన్న కాగితం

మా ఇంటి పక్క సందును పాలవాడి పాలు చేసింది మరెవరో కాదు, నేనే. కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని, నలుగురి ముందు నిలబడి, ఎవరూ బలవంతపెట్టకుండానే, పైగా కాస్త గర్వంగా ఆ పని చేశాను. నోటు చూడటంలో మా కార్వాన్ బస్తీ మొత్తం మీద నన్ను మించినవాడు లేడని పేరున్నవాణ్ణి. నోరు మాత్రం చూసుకోలేదు.

ఉద్యోగ జీవితమంతా సర్కారు అచ్చాఫీసులో, స్టాంపు కాగితాలు అచ్చయ్యే యంత్రం దగ్గర గడిచింది. అచ్చు పని నీకు అచ్చొచ్చిందిరా అని మా నాయన మురిసిపోయేవాడు. అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి, దొంగ కాగితాన్ని పట్టుకోవడానికి కళ్లకంటే ముందు వేళ్లు కావాలని. చెక్కిన పలక గుంటల్లో సిరా నింపి, పైపైన తుడిచేసి, కాగితాన్ని బండ బరువుతో అదిమితే ఆ సిరా కాగితం మీద సన్నని గట్టులా లేచి నిలబడుతుంది. గోటితో రాస్తే గరుకు తెలుస్తుంది. జిరాక్స్ మిషన్‌కు రంగు తెలుసు గాని గరుకు తెలియదు. రెండోది మెలికల ముగ్గు. చెయ్యి ఎత్తకుండా వేసినట్టు వెంట్రుకంత గీతలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి. దొంగవాడు దిగితే ఆ గీతలు ఎక్కడో ఒకచోట అతుక్కుపోయి మసకబారతాయి. మామూలు కంటికి గీతలా కనిపించేది అద్దం కింద పెడితే అక్షరాల వరుస అవుతుంది. నకిలీ కాగితంలో అది అద్దం కిందా గీతే.

ఈ విద్య రిటైరయ్యాక బస్తీకి ఉపయోగపడింది. ఎవరి చేతికి అనుమానం నోటు వచ్చినా మా ఇంటికే వచ్చేవారు. నేను వేలితో రాసి, వెలుతురుకు పట్టి, "అసలుదే, పో" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో వాళ్ల మొహాలు విప్పారేవి. ఆ విప్పారడం చూడటానికే నేను బతుకుతున్నానని మా ఆవిడ అనుమానం. కొంత నిజమే.

మా పక్కింటాయన పాల వ్యాపారి. ఆరు బర్రెలు, వాటి తర్వాతే మనుషులు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ నడుమ నాలుగడుగుల సందు. మా వంటింటి కిటికీ అందులోకే తెరుచుకుంటుంది, మా నల్లా అందులోనే ఉంది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు ఆ నల్లాలోనే రావాలి. బర్రెలకు చోటు చాలడం లేదని ఆయన కన్ను సందు మీద పడింది. మొదట అడిగాడు, కుదరదన్నాను. తర్వాత లొల్లి పెట్టుకున్నాడు, తలుపేసుకున్నాను. చివరికి ఒక ఆదివారం పొద్దున కిరాణా కొట్టు అరుగు మీద పెద్దమనుషులను కూర్చోబెట్టి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక స్టాంపు కాగితం బయటికి తీశాడు.

"గీ సందు ఈయన నాయిన మా అయ్యకు ఎప్పుడో రాసిచ్చిండు. ఇన్నొద్దులు పక్కింటోళ్లని మర్యాదకు ఊకున్న" అన్నాడు.

కింద మా నాయన సంతకం ఉంది. మా నాయన సంతకమంటే మూడక్షరాలు, ఒక గీత. ఎవరైనా పెట్టొచ్చు. ఆ ముక్క అక్కడికక్కడే అని ఉంటే ఈ కథ లేదు. కానీ కిరాణా కొట్టు పెద్దాయన, బస్తీ అంతా బాపు అని పిలిచే మనిషి, నా బలహీనత మీద చెయ్యి వేశాడు.

"కాయితం సంగతి మాకేమెరుక? గాయనకే ఇయ్యుండ్రి. జిందగంత గదే పని చేసిండు. అసలుదో నకలీదో ఆయనే చెప్తడు."

నేను భూతద్దం తెప్పించుకున్నాను. గోటితో రాశాను, గరగరలాడింది. సూర్యుడికి ఎదురుగా పట్టాను, లోపలి నీడబొమ్మ తేటగా కనిపించింది. తర్వాత కుడివైపు మూల ముగ్గు మీద అద్దం పెట్టి ఆగిపోయాను. మూడో మెలిక దగ్గర గీత వెంట్రుకవాసి తెగి ఉంది. ఆ తెగిన చోటు నాకు తెలుసు. మా యంత్రంలోని పలకకు ఒకసారి సన్నని నొక్కు పడి అక్కడి గుంట పూడింది, తనిఖీ కళ్లకు కూడా అందనంత సన్నం. అది మా యంత్రం మీద పనిచేసేవాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. తప్పిపోయిన బిడ్డ పుట్టుమచ్చ కనిపించినట్టయింది నాకు.

"బాపు, అసలుదే!" అన్నాను. అక్కడితో ఆగలేదు. "అసలుదేంది, నా మిషన్ మీదికెల్లే పోయింది. ఇగో, గీ మూలకు గీత తెగింది చూడుండ్రి. దునియాల గిట్ల ఇంకో మిషన్ తెంపది."

అందరూ ఒకరి తర్వాత ఒకరు అద్దంలోంచి చూసి ఔరా అన్నారు. నేను చొక్కా అంచుతో అద్దం తుడుచుకుంటున్నాను.

"అంటే సందు గాయనదే అంటవ్?" అన్నాడు బాపు.

అప్పుడు గాని నేను ఏమన్నానో నాకు వినబడలేదు. "కాయితం అసలుది అంటున్న గాని, బాపు, రాత..."

"ఏందన్నా!" పాలాయన తొడ మీద చరుచుకున్నాడు. "గిప్పుడే గదా దునియాల ఇంకోటి లేదన్నవ్! గింతట్లనే మాట మారుస్తవా?"

అరుగు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తెలియక. సందు పోయింది, సందేహం ఒక్కటే నాకు మిగిలింది.

మర్నాటికల్లా సందు మొదట్లో ఇనుప గేటు, దానికి తాళం. మూడో రోజుకు రెండు బర్రెలు. మా వంటింటి కిటికీ తెరిస్తే ఇదివరకు గాలి వచ్చేది, ఇప్పుడు తోక వస్తోంది. నల్లా మా పేరు మీదే ఉంది, బిల్లు మా ఇంటికే వస్తోంది, నీళ్లు మాత్రం బర్రెల వీపుల మీద పడుతున్నాయి. ఆయన పాలలో నీళ్లుంటాయని బస్తీకంతా తెలుసు. ఇప్పుడు ఆ నీళ్లు కూడా మావే.

ఒకరోజు మా ఆవిడ రెండు బిందెలతో వెనక గల్లీకి పోతుంటే గేటు లోపలి నుంచి ఆయన పిలిచాడు. "వదినా, గంత దూరమెందుకు? అడిగితె నేనియ్యనా? మా నల్లానే గదా!"

ఆమె ఆయనకు జవాబు చెప్పలేదు, ఇంటికొచ్చి నాకు చెప్పింది. "ఇంగో కాయితం ఉన్నదేమో అడిగిరాపోయ్యా. అద్దం పెట్టుకోని ఇల్లు గూడ రాసియ్యి."

నాకు ఆయన మీద వచ్చింది కోపం కాదు. కోపమైతే పైపూత సిరా, తుడిస్తే పోయేది. ఇది లోతు పలక మీది అచ్చు. గల్లీలో ఎదురుపడితే ఆయన "రాం రాం అన్నా" అనేవాడు, నేను గోడకు పడిన పగుళ్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆయన బర్రెలకు కూడా మొహం తిప్పుకున్నాను. పాలు మానేసి ప్యాకెట్లు తెచ్చుకుంటున్నాం. ఖాళీ ప్యాకెట్లు కావాలని గేటు ముందే పారేసేవాణ్ణి. ఈ వయసులో ఇంతకంటే పెద్ద యుద్ధం నాకు చేతకాలేదు.

బాపు ఇప్పించిన కాగితం జిరాక్స్ తీసుకుని నయాపూల్ వెళ్లాను. కోర్టు ఎదురుగా ఒక కుర్ర వకీలు దాన్ని చదివి, నేను చెప్పిందంతా విని, పెన్ను మూత పెట్టేశాడు.

"కేస్ వేద్దాం అంకుల్, దాన్దేముంది. కానీ వాళ్ల ఫస్ట్ విట్‌నెస్ మీరే అయితరు."

వచ్చిన దారినే తిరిగొచ్చి జిరాక్స్‌ను బియ్యం డబ్బా మీద పడేశాను. మధ్యాహ్నం మా ఆవిడ బియ్యం తియ్యబోయి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమె దగ్గర అద్దం లేదు. ఉన్నది ఉన్నట్టు చదివింది.

"గీ తారీఖు ఏందయ్యా?"

"రాసిన దినం."

"మన పెండ్లికి ముందటి యేడు గదా?"

"అయితే?"

"అయితే ఏంది! నౌకరి లేనోనికి పిల్లనిచ్చినమని మా నాయిన మూడేండ్లు గుణిసిండు. మూడేండ్లకు గదా నువ్వు అచ్చాఫీసుల పడ్డది? నౌకరే లేనోనివి, గీ బాండు పేపర్ ఎట్ల అచ్చేసినవ్?"

నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఆ నొక్కు పడింది నేను చేరిన మరికొన్నేళ్లకు. అంటే కాగితం పుట్టకముందే దాని మీద రాత పుట్టింది. ఇంత లావు సంగతి నాకెందుకు కనిపించలేదంటే, నా బతుకంతా ఖాళీ కాగితాలతోనే గడిచింది. మా దగ్గర్నుంచి వెళ్లే కాగితం మీద ఎవరి రాతా ఉండదు. ఉంటే అది పాడైపోయిన కాగితం కింద లెక్క, పక్కన పడేస్తాం. ఆ రోజు అరుగు మీద కూడా నేను ముగ్గు చూశాను, నీడ చూశాను, గరుకు చూశాను. నడుమ నల్లగా ఉన్నదాన్ని పాడైన భాగమనుకుని వదిలేశాను.

తర్వాతి ఆదివారం మళ్లీ పెద్దమనుషులను పిలిచాను. పాలాయన నవ్వుకుంటూ వచ్చాడు, ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని.

"బాపు, గా దినం నేనేమన్ననో యాదికున్నదా?" అని అడిగాను.

బాపు నోరు తెరిచేలోగా పాలాయనే అందుకున్నాడు. "ఎందుకు లేదు? అసలుదన్నవ్. నీ మిషన్ మీదికెల్లే పోయిందన్నవ్. గీత తెగిందన్నవ్. దునియాల ఇంకోటి లేదన్నవ్. ఇంగ చెప్పాల్నా?"

"చాలు. అన్నీ నువ్వే చెప్పినవ్." జేబులోంచి నా నౌకరి ఆర్డరు తీసి బాపు చేతికిచ్చాను. "ఇది నేను నౌకరిల చేరిన తారీఖు. అది గా కాయితం మీద తారీఖు. జర పక్కపక్కన పెట్టుండ్రి."

బాపు పాలాయన కవరు కూడా అందుకుని, కాగితాలు రెండూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూసి మెల్లగా తలెత్తాడు.

"గీ కాయితం రాసిన యేడు ఈయన నా కొట్ల పొట్లాలు కట్టేటోడు గదా. నాకెందుకు యాదికి లేదు? చక్కెర పొట్లం కడితే ఇంటికి పోయేలోపు ఊడిపోయేది. గిసుంటోడు మిషన్ మీద బాండు పేపర్ ఎట్ల అచ్చేసిండు?"

నా పొట్లాల ప్రస్తావన లేకుండా తీర్పు చెప్పవచ్చు. అయినా ఓర్చుకున్నాను.

పాలాయన మొహం పాలిపోయింది. పాలిపోయినా నోరు ఆగలేదు. "నాకేమెరుక? రాసినోడు పాత కాయితమే పెట్టిన, ఫికర్ చెయ్యకన్నడు!"

బాపు రెండు కాగితాలనూ అరుగు మీద పెట్టాడు.

"పాతదంటే ఎంత పాతదని అడుగుడు మర్చినవ్ బిడ్డా" అన్నాడు బాపు. "పో, తాళం తియ్యి."

తాళం తీశాడు. బర్రెలను తోలుకుపోయాడు. క్షమాపణ లాంటిదేమైనా వస్తుందేమోనని నేను నల్లా దగ్గర నిలబడ్డాను. ఆయన గేటు ఊడబెరుక్కుని భుజానికెత్తుకుంటూ, "గేటు మాత్రం నాది. దీనికి కూడా అద్దం పెడతవా?" అని వెళ్లిపోయాడు. పేడ ఆయనదే గాని తీసుకుపోలేదు. అది నేనూ మా ఆవిడా రెండు రోజులు కడిగాం.

ఆ తర్వాత కొన్ని నెలలు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఈమధ్య వానలు తగ్గాక ఒక పొద్దున, నేను సందులో నీళ్లు పట్టుకుంటుంటే ఆయన వచ్చి సందు మొదట్లో నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు. చేతిలో ఒక అయిదువందల నోటు.

కిషన్‌బాగ్ నుంచి వచ్చి ఎవరో కొత్త మనిషి నెయ్యి కొనుక్కుపోయాడట. నోటు మీద అనుమానం. బ్యాంకుకు పోతే చింపేస్తారేమోనని భయం. ఎవరినడిగినా నా దగ్గరికే పొమ్మన్నారట. ఈ మాటలన్నీ ఆయన గోడకు చెప్పాడు, నేను విన్నాను.

"జర చూడన్నా" అన్నాడు చివరికి, నా వైపు తిరిగి.

చెయ్యి తుడుచుకుని నోటు తీసుకున్నాను. తీసుకున్న క్షణానే తెలిసిపోయింది. అంచున ఏటవాలు గీతలు వేలికి గట్టిగా తగిలాయి. కాగితం ఫెళఫెళలాడింది. అది నోట్ల అచ్చాఫీసు మెట్లు నిన్నే దిగినంత నిఖార్సైన నోటు.

అయినా చూశాను. వెలుతురుకు పట్టాను. తిరగేసి పట్టాను. మా ఆవిణ్ణి పిలిచి భూతద్దం తెమ్మన్నాను, తర్వాత దొంగ నోట్లు పట్టే నీలం దీపం తెమ్మన్నాను. మెలికలన్నీ ఒక్కొక్కటే వెతికాను. నడుమ ఒకసారి "ప్చ్" అన్నాను. ఆయన సందులోకి ఒక అడుగు వేసి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. చివరికి నోటును నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

"ఏందన్నా? అసలుదేనా?"

"గా మాట అనుడు బంద్ చేసిన భై."

"గట్లెందుకు? అసలుదా కాదా, ఒక్క మాట చెప్పరాదే!"

"ఒక్క మాటనే గదా గా దినం గూడ చెప్పింది" అని బిందె వైపు తిరిగాను.

వారం రోజులుగా ఆయన ఆ నోటును ఖర్చు పెట్టలేదు, పారెయ్యనూ లేదు. పొద్దున పాలు పితికాక గోడ అవతల బకెట్టు బోర్లించుకుని కూర్చుంటాడు. నోటును ఎండలో పట్టుకుని వంచుతాడు. నడుమనున్న దారం ఆకుపచ్చగా ఉన్నది నీలమవుతుంది. ఇటు వంచితే మళ్లీ ఆకుపచ్చ. అది అసలు నోటు గుర్తని ఆయనకు తెలియదు. నీళ్లొచ్చే రోజు నేను సందులో నా నల్లా కింద నా బిందె పెట్టుకుని, నిండేదాకా ఆయన్ని చూస్తాను. నిండాక ఇంకో బిందె పెడతాను.